మా ఆయన నిజంగా చేసిన ఉపవాసం

డిసెంబరు ఆఖరి వారం వచ్చిందంటే బెజవాడలో ప్రతి బేకరీ వాడూ రోడ్డు మీదకి షామియానా లాగుతాడు. బల్లల మీద కేకులు వరసగా పేర్చి, మైకులో పాటలు పెట్టి, దారిన పోయేవాడి చేతిలో ఓ అట్టపెట్టె పెట్టిగానీ వదలడు. ఆ కేకుల్లో సగం తినడానికి కొన్నవి కావు, ఎవరికో ఇవ్వడానికి కొన్నవి. ఆ ఎవరో ఇంకెవరికో ఇస్తారు. ఆటోనగర్‌లో మా ఆయనకి ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు ఉంది కాబట్టి ముప్ఫై ఒకటో తారీకు సాయంత్రానికి మా ఫ్రిజ్‌లో పాలగిన్నెకి చోటుండదు. బేరింగులు అమ్మేవాడు పంపిస్తాడు, ఆయిల్ డీలరు పంపిస్తాడు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్ళు పంపిస్తారు. అన్నిటిదీ ఒకటే రుచి, సబ్బు నురగ మీద గులాబీ పువ్వు.

సరిగ్గా ఆ కేకుల మధ్యలోనే, మూతికి క్రీము అంటుకుని ఉండగానే, మా ఆయనా ఆయన వాకింగ్ స్నేహితులూ ఆరోగ్యం గురించి రిజల్యూషన్లు చేసుకుంటారు. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆరోగ్యం కావాలని మనిషికి బుద్ధి పుడితే అది ఏ మంగళవారం మధ్యాహ్నమో పుట్టాలి. క్యాలెండరు మారేదాకా ఆగి, ఈలోగా ఉన్నదంతా ఊడ్చుకు తినడం ఏం బుద్ధండీ? "రేపట్నుంచి మానేస్తున్నాంగా" అంటూ మూడో ముక్క కోసుకునే మగవాణ్ణి చూస్తే నాకు జాలి కూడా కలగదు.

ఒక సంవత్సరం వాకింగ్ అన్నారు. వేలు పోసి బూట్లు కొన్నారు. అడుగులు లెక్కపెట్టే గడియారం ఒకటి చేతికి తగిలించారు. మా అపార్టుమెంటు ఎదురుగానే కాలవ గట్టు, గట్టు మీద వాకింగ్ ట్రాక్. అక్కడ అటూ ఇటూ తిరిగి, గట్టు దిగగానే ఉన్న బండి దగ్గర పునుగులు లాగించి, పెసరట్టులో ఉప్మా పెట్టించుకుని తిని, "నడిచి నడిచి ఆకలేస్తోందోయ్" అంటూ ఇంటికొచ్చి మళ్ళీ ఇడ్లీ తినేవారు. ఆ ఏడు ఆయన లావెక్కారు. ఆ బూట్లు వేసుకుని ఇప్పుడు మైలవరంలో మా పొలం కౌలుకి చేసేవాడు పెళ్ళిళ్ళకి వెళ్తున్నాడు.

ఇంకో ఏడు కొర్రలు. అన్నం విషం, కొర్రలు అమృతం అని ఎవడో వీడియో పంపాడట. సరే నా ఖర్మ అనుకుని వండాను. అన్నం అయితే రెండుసార్లు పెట్టించుకునే మనిషి, కొర్రన్నం ఆరోగ్యం కదా అని నాలుగుసార్లు పెట్టించుకున్నారు. అదీ ఆవకాయ కలిపి, మీద నెయ్యి పోసుకుని. "ఎంత తిన్నా బరువనిపించట్లేదు చూడు" అని పైగా నాకు చెప్పడం. ఆ తర్వాతి ఏడు తొక్కే సైకిలు కొన్నారు. ఇంట్లోనే తొక్కేది, ఎక్కడికీ పోనిది. దాని మీద నేను తువ్వాళ్ళు ఆరేస్తున్నాను, ఆ పనికి బాగానే పనికొస్తోంది.

ఆయన ఉపవాసాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా వైపు శనివారం రాత్రి ఉపవాసం అంటే అన్నం ముట్టకపోవడం. అన్నం ఒక్కటే. మిగతా లోకంలో ఉన్న ఏ పదార్థానికీ అభ్యంతరం లేదు, దాని పేరు ఫలహారం. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు "అబ్బాయికి శనివారం ఉపవాసం అమ్మాయ్" అంటే, అయ్యో పాపం ఖాళీ కడుపుతో ఎలా పడుకుంటారో అని నిజంగానే బాధపడ్డాను. ఎనిమిదింటికి కంచం నిండా పూరీలు, బంగాళదుంప కూర, తర్వాత అరటిపళ్ళు, గ్లాసుడు పాలు. మామూలు రోజు కంటే ఉపవాసం రోజే నాకు చాకిరీ ఎక్కువ. ఆయనకి షుగరు వచ్చాక కూడా ఆ భక్తి అలాగే సాగింది. మాత్ర వేసుకోవడం, పూరీలు తినడం. దేవుడూ ఏమీ అనలేదు, మాత్రా ఏమీ అనలేదు.

ఇవన్నీ నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. ఏడాది క్రితం డిసెంబరులో మాత్రం నవ్వు ఆగిపోయింది. డాక్టరు గారు రిపోర్టు చూసి, మా ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగి చెప్పారు. "కిడ్నీలు దెబ్బతినడం మొదలైందమ్మా. ఇప్పుడు షుగర్ని అదుపులో పెడితే ఇక్కడే ఆపొచ్చు. వదిలేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు." మాత్ర డోసు పెంచారు. పొద్దున టిఫిన్‌కి ముందు వేసుకోమన్నారు.

నిజమే, నాకు చెప్పక్కర్లేదు. మా మామగారు ఆఖరి మూడేళ్ళు డయాలసిస్ మీద బతికారు. రోజు మార్చి రోజు ఆయన్ని ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది నేనే. కొడుకు షాపు చూసుకోవాలి కదా, కోడలికి ఏం పని! ఆసుపత్రిలో మంచం పక్కన తోడు వచ్చినవాళ్ళకి ఓ ఎర్ర ప్లాస్టిక్ స్టూలు వేసేవారు. వీపు ఆనించుకోవడానికి వెనక ఏమీ ఉండదు. ఆ స్టూలు మీద కూర్చుని దీపాలకి వత్తులు చేశాను, కునికిపాట్లు పడ్డాను, ఎవరూ చూడకుండా ఏడ్చాను. మామగారు మంచివారు, నన్ను ఒక్క మాట అనేవారు కాదు. అయినా ఆయన పోయిన రోజు నా మనసులోకి ముందు వచ్చిన మాట, ఇంక ఆ స్టూలు మీద కూర్చోనక్కర్లేదని.

అలాంటిది మళ్ళీ అదే స్టూలు, ఈసారి మొగుడి మంచం పక్కన. నాకు భయం వేస్తే ఏడుపు రాదు, తిట్లు వస్తాయి. ఆసుపత్రి మెట్ల నుంచి ఇంటి గుమ్మం దాకా ఆయన్ని తిడుతూనే వచ్చాను. ఆయన కారు తోలుతూనే ఉన్నారు. "వింటున్నారా?" అంటే "ఊఁ" అన్నారు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అన్నారా పెద్దవాళ్ళు!

ముప్ఫై ఒకటో తారీకు సాయంత్రం మా అపార్టుమెంటు డాబా మీద వాకర్స్ క్లబ్బు వాళ్ళు చేరారు. ఆ క్లబ్బుకి ప్రెసిడెంటు మా ఎదురు ఫ్లాటాయన. కాలవల శాఖలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కాలవల గురించి ఎంత తెలుసో నాకు తెలీదు గానీ లోకంలో మిగతా అన్నిటి గురించీ ఆయనకి తెలుసు. నన్ను చెల్లెమ్మా అంటారు, మా ఆయన్ని బావగారూ అంటారు. ఆయన కేకు కోసి, అందరి నోట్లోనూ పెట్టి, తన నోట్లో కూడా పెట్టించుకుని, అప్పుడు లేచి ఉపన్యాసం ఎత్తుకున్నారు.

"ఈ సంవత్సరం అందరం ఒక్కటే పద్ధతి. సాయంత్రం ఏడింటికి తిండి బంద్. మళ్ళీ మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. కొవ్వు దానంతట అదే కరిగిపోతుంది. షుగర్ పారిపోతుంది. ఇది సైన్సు."

"షుగరున్నవాళ్ళు కూడానా అన్నయ్య గారూ?" అన్నాను.

"అసలు వాళ్ళ కోసమే చెల్లెమ్మా ఇది! తినకపోతే ఇంక షుగర్ ఎక్కణ్ణించి వస్తుంది?"

అందరూ అవునవునన్నారు. పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నాడట వెనకటికి ఎవడో! మా ఆయన లేచి నిలబడి, "నేనూ చేస్తాను" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆయన మొహంలో ఏదో పెళ్ళికొడుకు గాంభీర్యం. నేను కింద పడిన పేపరు ప్లేట్లు ఏరుకుంటూ లోపల నవ్వుకున్నాను. రెండు రోజులు. మూడో రోజు పొద్దునకి పునుగుల బండి దగ్గర ఉంటారు. ఆ బండివాడు కూడా అదే ధీమాతో పిండి రుబ్బి ఉంటాడు.

రెండో తారీకున మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని షాపుకి వెళ్ళాను. పక్క షాపు భాయ్ గారు అక్కడే కూర్చుని ఉన్నారు. ఆయనది లేతు వర్కుషాపు. మా ఆయన్ని అన్నా అంటారు, నన్ను వదినా అంటారు. ఆయనకీ షుగరే, మా ఆయన కంటే ముందు నుంచీ ఉంది.

"పొద్దుట్నుంచి ఏం తినలేదా అన్నా? మరి మాత్ర?" అంటున్నారు.

"వేసుకున్నా. మాత్ర తిండి కాదుగా భాయ్, దాంతో ఉపవాసం చెడదు."

భాయ్ గారి మొహం మారిపోయింది. "ఎవర్నడిగి చేస్తున్నారన్నా? నేను రంజాన్ నెలకి ముందే డాక్టర్ దగ్గరికి పోతా. పొద్దున మాత్ర ఎప్పుడేసుకోవాలో, ఎంతేసుకోవాలో మార్పించుకుంటా. ఓ ఏడాది అసలు రోజా ఉండొద్దన్నాడు, ఉండలేదు. మీరు ఎవర్నడిగారు?"

"మా ప్రెసిడెంటు గార్ని."

"డాక్టరా?"

"ఇంజనీరు."

భాయ్ గారు నా వైపు చూశారు. "ఫోన్ చేసి అడగండి, డాక్టర్ నంబరు ఉందిగా" అన్నాను. "అలాగేలే" అన్నారు మా ఆయన. అలాగేలే అంటే మా ఇంట్లో అర్థం అడగనని. పోనీ నేనే చెయ్యొచ్చుగా అంటారేమో. ఎందుకు చెయ్యాలి? ముప్ఫై ఏళ్ళుగా ఈయన ఏ ఉపవాసం చేశారు గనక? పొద్దున వాకింగ్‌కి వెళ్ళి ఎక్కడో ఓ చోట ఏదో ఓటి నోట్లో వేసుకునే ఉంటారు, నా దగ్గర ఈ వేషం వేస్తున్నారు అనుకున్నాను. నా స్థానంలో ఎవరున్నా అలాగే అనుకునేవాళ్ళు.

కానీ తర్వాత రోజుల్లో నాకు ఓ విచిత్రం కనిపించింది. ఫ్రిజ్‌లో కేకు తగ్గట్లేదు. కావాలనే నేను పారేయకుండా, ఎవరికీ ఇవ్వకుండా ఓ పెట్టె ముందు వరసలో పెట్టాను. ఏ రోజు పట్టుబడతారో చూద్దామని. పోయిన ఏళ్ళల్లో అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు చప్పుడు వినడం నాకు అలవాటే. ఈసారి చప్పుడు లేదు. క్రీము పువ్వు పగుళ్ళు బారింది గానీ ఎవరి వేలూ పడలేదు. చొక్కా జేబులో చాక్లెట్ కాగితం లేదు. వంటింట్లో వేరుశెనగపప్పు డబ్బా పెట్టినచోటే ఉంది. మనిషి సాయంత్రం ఏడింటికి చెయ్యి కడుక్కుని, మళ్ళీ మర్నాడు నేను క్యారేజీ తీసుకెళ్ళేదాకా నీళ్ళే తాగుతున్నారు. కళ్ళు లోతుకి పోయాయి. పొద్దున్నే లేచి, మంచినీళ్ళతో మాత్ర వేసుకుని, గట్టు మీదకి వెళ్ళిపోతున్నారు.

"ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని ఒకరోజు అడిగితే, "కాస్త తేలిగ్గా ఉంది" అన్నారు. చేతిలో మంచినీళ్ళ గ్లాసు సన్నగా వణుకుతోంది. చలి అనుకున్నాను.

అలా ఆ వారం కూడా పూర్తిగా గడవలేదు. పొద్దున నేను ముగ్గేసి లోపలికి వస్తుంటే ఫోను. ప్రెసిడెంటు గారు. "చెల్లెమ్మా, బావగారు కొంచెం నీరసంగా కూర్చున్నారు. కంగారేం లేదు. ఓసారి వచ్చి వెళ్తావా?" కంగారేం లేదని మగవాళ్ళు ఫోన్ చేసి మరీ చెబుతున్నారంటే కంగారు పడాల్సిందే. నైటీ మీద చున్నీ వేసుకుని, చెప్పులు ఏవి దొరికితే అవి తొడుక్కుని పరుగెత్తాను. రోడ్డు దాటేటప్పుడు ఎవడో బస్సువాడు తిట్టాడు. ఏమని తిట్టాడో కూడా వినలేదు.

సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టారు. జనవరి పొద్దు, కాలవ మీద మంచు ఇంకా విడలేదు, అందరూ మంకీ క్యాపుల్లో ఉన్నారు. మా ఆయన చొక్కా మాత్రం నీళ్ళలో ముంచి తీసినట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి. కళ్ళు నా మీదే ఉన్నాయి గానీ నన్ను చూడట్లేదు. "షాపు తాళాలు నాన్న దగ్గరున్నాయి" అన్నారు. ఆ నాన్న పోయి ఎన్నాళ్ళైంది!

చుట్టూ పదిమంది పెద్దమనుషులు. అందరూ చదువుకున్నవాళ్ళే, అందరూ పదవులు వెలగబెట్టినవాళ్ళే. ప్రెసిడెంటు గారి చేతిలో ఆకుపచ్చ ప్లాస్టిక్ గ్లాసు. గట్టు కింద రసాలు అమ్మే బల్ల ఉంది, కాకర, ఉసిరి, గోధుమగడ్డి, మనిషి నోరు ముడుచుకుపోయేవన్నీ అక్కడ దొరుకుతాయి.

"షుగర్ ఎక్కువైనట్టుంది చెల్లెమ్మా. కాకరకాయ రసం పట్టిస్తున్నాం. ఇందాక ఓ గ్లాసు తాగారు, ఇది రెండోది."

ఏమన్నానో నాకు పూర్తిగా గుర్తులేదు. గ్లాసు లాగి కాలవలోకి విసిరాను, అది గుర్తుంది. మామగారు ఒకసారి డయాలసిస్ నుంచి వస్తూ ఆటోలో సరిగ్గా ఇలాగే అయ్యారు. ఇదే చెమట, ఇదే వణుకు, ఇదే పిచ్చి మాట. అప్పుడు నర్సమ్మ నాకు నేర్పింది. ఇది షుగర్ పడిపోవడం. మింగగలిగేటట్టు ఉంటే ముందు నోట్లో తీపి పొయ్యి, ప్రశ్నలు తర్వాత. మామగారు బతికున్నన్నాళ్ళూ నా హ్యాండ్‌బ్యాగులో పంచదార పొట్లం ఉండేది. ఆయన పోయాక తీసి పడేశాను.

"ఎవరి దగ్గరైనా తీపి ఉందా? చాక్లెట్టు, బిస్కెట్టు, ఏదైనా?" అని అరిచాను.

అందరూ జేబులు తడుముకున్నారు. మామూలు రోజుల్లో ఈ మగమహారాజుల జేబులు తడిమితే చిన్న కిరాణా కొట్టు పెట్టొచ్చు. ఆ వారం మాత్రం అందరూ పతివ్రతలే. ఒక్కడి దగ్గర ఒక్క చాక్లెట్ బిళ్ళ లేదు. గట్టు దిగి టీ బండి దగ్గరికి పరుగెత్తి, అతను అరుస్తున్నా వినకుండా పంచదార డబ్బా ఎత్తుకొచ్చాను. అదృష్టం, అది ఉంది. ఈ ప్రబుద్ధుల మాట విని అతను కూడా పంచదార మానేసి ఉంటే నేనేమైపోయేదాన్ని?

ఎవరిదో నీళ్ళ సీసా లాక్కుని, అందులో నాలుగు గుప్పిళ్ళు పోసి గిలక్కొట్టి ఆయన మూతికి పెట్టాను. వెనక నుంచి ఎవరో అన్నారు: "అమ్మా, షుగర్ పేషెంటుకి పంచదారా! పైగా ఆయన ఒట్టు పెట్టుకున్నారు."

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి!" అన్నాను. అంతకంటే పెద్ద మాటలు కూడా అన్నాను, ఇక్కడ రాయడం బాగుండదు. "తాగండి. నేనేనండీ. మింగండి" అని ఆయన గడ్డం పట్టుకుని ఒక్కొక్క గుక్కే పోశాను. మొదటి గుక్క సగం చొక్కా మీదకి కారింది. రెండోది మింగారు. గొంతు కదలడం నేను చూశాను. నా పెళ్ళిలో తాళి కట్టినప్పుడు కూడా నేను దేవుణ్ణి అంతగా తలుచుకోలేదు.

కాసేపటికి కళ్ళు నా మీద ఆగాయి. నన్ను చూశారు. నైటీని చూశారు. "ఇలా వచ్చేశావేంటోయ్ రోడ్డు మీదకి?" అన్నారు. అప్పుడు ఏడ్చాను, గట్టు మీద అందరి ముందూ, సిగ్గు లేకుండా.

ఎవరో ఫోన్ చేస్తే భాయ్ గారు ఆటోనగర్ నుంచి వ్యాను తీసుకొచ్చి మమ్మల్ని ఆసుపత్రికి చేర్చారు. దారి పొడుగునా ఆయన మా ఆయన్ని తిడుతూనే ఉన్నారు, నాకు కాస్త విశ్రాంతి దొరికింది. డాక్టరు గారు ఏం తిన్నారని అడిగితే, నిన్న సాయంత్రం నుంచి ఏమీ లేదన్నాను. మాత్ర? పొద్దున్నే వేసుకున్నారన్నాను. అదీ సంగతి అని డాక్టరు గారు వరసగా చెప్పారు. డోసు పెంచిన మాత్ర, ఖాళీ కడుపు, దానికి తోడు కిడ్నీ నీరసించి మందుని త్వరగా బయటికి పంపలేకపోవడం. మళ్ళీ పడిపోయే అవకాశం ఉంది, రేపటిదాకా ఇక్కడే ఉంచాలన్నారు.

"ఇన్నేళ్ళుగా శనివారాలు ఉపవాసం ఉన్నారు కదండీ, అప్పుడేం కాలేదే?" అని ప్రెసిడెంటు గారు అడిగారు. ఆయన కూడా వచ్చారు లెండి, పరామర్శకి, ఆపిల్ పళ్ళు పట్టుకుని. ఆ పళ్ళు తీసుకుని బల్ల మీద పెట్టాను. అప్పుడేం కాకపోవడానికి కారణం పూరీలు. ముప్ఫై ఏళ్ళ దొంగ ఉపవాసాలు ఆయన్ని చల్లగా చూశాయి. జీవితంలో మొదటిసారి మనిషి నిజంగా, నిష్ఠగా ఒక ఉపవాసం చేశారు, అదే ఆయన్ని బెంచీ మీద పడేసింది. ఈ మాట ఆపిల్ పళ్ళాయనకి ఏం అర్థమవుతుంది?

అందరూ వెళ్ళిపోయాక ఆయనా నేనూ మిగిలాం. సూది పెట్టిన చేతికి సెలైన్ ఎక్కుతోంది. ఆసుపత్రి వేరైనా మంచం పక్కన వేసింది అదే రకం ప్లాస్టిక్ స్టూలు, వెనక ఆనుకునేది లేనిది. ఇది నీలం రంగు. చచ్చినట్టు కూర్చున్నాను.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. ప్రతి ఏడూ దొంగతనంగా తినే మనిషి, ఈసారి ఎందుకు తినలేదు? ఒక్క పునుగు తిన్నా ఇంత జరిగేది కాదు."

తల నా వైపు తిప్పారు.

"నాన్నని నువ్వు మోశావు" అన్నారు. "మూడేళ్ళు. నేనొక్కరోజు వచ్చి ఆ స్టూలు మీద కూర్చోలేదు. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు నీ మొహం చూశా. కార్లో నువ్వు తిడుతుంటే... ఇంకోసారి నిన్ను అక్కడ కూర్చోబెట్టకూడదనుకున్నా. ఈసారైనా మాట మీద నిలబడదామనుకున్నా."

ఇన్నేళ్ళల్లో ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడలేదు. కోపం వచ్చింది. దుఃఖం వచ్చింది.

"ఆ మాట నాతో అనాలి. ఆ ఇంజనీరుతో కాదు" అన్నాను. "అని ఉంటే నేను వండి పెట్టేదాన్ని కదండీ. ఎంత తినాలో, ఎప్పుడు తినాలో ఇద్దరం కూర్చుని డాక్టర్ని అడిగేవాళ్ళం కదా. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టకూడదని మీరు చచ్చిపోతే నేను సోఫాలో కూర్చుని ఏం చేసుకోను?"

ఆయన నవ్వబోయి, సెలైన్ పెట్టిన చెయ్యి కదిలి, "అబ్బా" అన్నారు. "కదలకండి, మీ మొహం!" అన్నాను. అంతే మేము మాట్లాడుకున్నది.

డాక్టరు గారు మందులు మార్చారు. పొద్దుటి మాత్ర తీసేసి, మధ్యాహ్నం భోజనంతో వేసుకునేది రాశారు. అన్నం మానక్కర్లేదు, తగ్గించండి, కూర పెంచండి, వేళకి తినండి అన్నారు. కొత్తగా ఏమీ లేదు. మా అమ్మమ్మ చెప్పిన మాటే. దానికి క్లబ్బు అక్కర్లేదు, ఒట్టూ అక్కర్లేదు. ఒంటిగంటకి ఆయన షాపు మీద భాయ్ గారిని ఓ కన్నేసి ఉంచమని చెప్పి ఇంటికి వస్తారు. నేను చిన్న గిన్నెతో కొలిచి అన్నం పెడతాను, గోంగూరో బీరకాయో దండిగా పెడతాను. ఆయన ముద్ద మింగాక మాత్ర ఇస్తాను. శనివారం పూరీలు రెండుకి తగ్గాయి. ఆ రెండూ ఆయన ఎంతసేపు తింటారంటే, చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. నాకు తరుక్కుపోదు.

గట్టు మీద రిజల్యూషన్లు ఏమయ్యాయంటారా? నెల తిరక్కుండానే పునుగుల బండి దగ్గర క్లబ్బు మొత్తం హాజరు. ప్రెసిడెంటు గారు అల్లం చట్నీ ఇంకొంచెం వెయ్యమంటుంటే చూశాను. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు.

మొన్న ముప్ఫై ఒకటిన మళ్ళీ డాబా, మళ్ళీ కేకు, మళ్ళీ ఉపన్యాసం. ఈ ఏడు వండినది ముట్టకూడదట, పచ్చి కూరగాయలే తినాలట. పోయిన వారమే మా ఆయన రిపోర్టు వచ్చింది. ఉన్నచోటే ఉంది, ముదరలేదు అన్నారు డాక్టరు గారు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఈ మనుషుల నోట్లో పడితే అది కూడా వీడియో అయిపోతుంది.

"బావగారూ, మీ రిజల్యూషన్ ఏంటి ఈసారి?" అన్నారు ప్రెసిడెంటు గారు, పోయిన ఏడు ఏమీ జరగనట్టే.

మా ఆయన కూర్చున్నచోటి నుంచి లేవలేదు. "ఒంటిగంటకి ఇంటికెళ్ళి అన్నం తింటానండి" అన్నారు.

అందరూ ఘొల్లున నవ్వారు. "ఇదేం రిజల్యూషన్ అండీ! రోజూ అందరం చేసేదే కదా!" అన్నాడొకాయన, మూతి తుడుచుకుంటూ. మా ఆయన కూడా వాళ్ళతోపాటు నవ్వారు. నేను నవ్వలేదు. పేపరు ప్లేట్లు ఏరడం కూడా మానేసి వాళ్ళ మొహాలు చూస్తూ నిలబడ్డాను. ఛీ, పోనీలే అనుకున్నాను.

మర్నాడు ఒకటో తారీకు. షాపుకి కొబ్బరికాయ కొట్టి, ఒంటిగంటకి వచ్చి కంచం ముందు కూర్చుని, అలవాటుగా చెయ్యి చాపారు. మాత్ర నా గుప్పిట్లో ఉంది. "ముందు ముద్ద" అన్నాను. కలిపారు, నోట్లో పెట్టుకున్నారు. ఆయన గొంతు కదిలేదాకా నేను ఊపిరి బిగబట్టుకుని అటే చూశాను. ఏడాదైనా ఆ భయం నన్ను వదల్లేదు. గొంతు కదిలింది. అప్పుడు గుప్పిట విప్పాను.